మాంద్యంలో ఏంజెల్ డబ్బు: సీసీపీఎస్ రౌండా, కన్వర్టిబుల్ నోటా, ఐసేఫా?

మార్కెట్ పడినప్పుడు ఫౌండర్‌కు మొదట తగిలే దెబ్బ వాల్యుయేషన్. ఏడాది కిందట పది కోట్లు పలికిన కంపెనీకి ఇప్పుడు ఐదు కోట్లే ఎక్కువంటారు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు సలహా పారేస్తారు: “ధర గొడవ ఇప్పుడెందుకు? నోటు రాసేయండి, తర్వాతి రౌండ్‌లో అదే తేలుతుంది.” వినడానికి బాగానే ఉంటుంది. కాగితం మీద లెక్క వేసి చూస్తే మాత్రం, చెడ్డ కాలంలో ధర వాయిదా వేసే ఫౌండరే ఎక్కువ వాటా పోగొట్టుకుంటాడు.

ముందు ఏంజెల్ (సొంత డబ్బు తొలిదశ కంపెనీలో పెట్టే మనిషి) వైపు నుంచి చూడాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అలా రేట్లు పెరిగి బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకుంటేనే ఏడు శాతం వచ్చే రోజుల్లో, ఎనిమిదేళ్లకైనా తిరిగొస్తుందో లేదో తెలియని చోట పది లక్షలు పెట్టమంటే చేయి వెనక్కి పోతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది: “నా తర్వాత ఇందులో డబ్బు పెట్టేదెవరు?” కాబట్టి ఈ కాలంలో తెచ్చే డబ్బు 18 నుంచి 24 నెలలు నడిచేలా ఉండాలి. ఏ పద్ధతి మేలన్న ప్రశ్నను కూడా ఈ కోణంలోనే చూడాలి.

చేతిలో ఉన్న దారులు మూడు. ఇప్పుడే ధర తేల్చి సీసీపీఎస్, అంటే తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు, ఇవ్వడం ఒకటి. అప్పుగా మొదలై తర్వాత షేర్లుగా మారే కన్వర్టిబుల్ నోటు రెండోది. 2019లో 100ఎక్స్.వీసీ అనే పెట్టుబడి సంస్థ మన దేశంలోకి తెచ్చిన ఐసేఫ్ మూడోది. ఐసేఫ్‌లో వడ్డీ ఉండదు, ధర తర్వాత తేలుతుంది, చట్టం దృష్టిలో మాత్రం అదీ సీసీపీఎస్సే.

ఒకే కంపెనీ, మూడు లెక్కలు

ఫౌండర్ల దగ్గర 10 లక్షల షేర్లున్నాయి. కావలసింది 1.2 కోట్లు. సీసీపీఎస్ దారిలో ప్రీ-మనీ (కొత్త డబ్బు రాకముందు కంపెనీ విలువ) 4.8 కోట్లు, షేరు 48 రూపాయలు, ఏంజెల్స్‌కు 2.5 లక్షల షేర్లు, అంటే 20 శాతం. నోటు దారిలో క్యాప్ (షేర్లుగా మారేటప్పుడు లెక్కకు తీసుకునే గరిష్ఠ విలువ) 6 కోట్లు, డిస్కౌంట్ (తర్వాతి రౌండ్ ధరలో తగ్గింపు) 20 శాతం, రెండింటిలో షేరు చవకగా వచ్చేదే వర్తిస్తుంది; వడ్డీ ఏడాదికి 10 శాతం. ఐసేఫ్‌లో అదే క్యాప్, అదే డిస్కౌంట్, వడ్డీ లేదు. క్యాప్ 6 కోట్లనగానే 4.8 కంటే పెద్ద అంకె కదా అని సంబరపడతారు.

రెండేళ్లు గడిచాయి, మార్కెట్ కోలుకోలేదు. కొత్త ఇన్వెస్టర్ ప్రీ-మనీ 5 కోట్లని, అందులోనే పాత నోట్లు, ఐసేఫ్‌లు అన్నీ కలిసి ఉండాలని అంటాడు (దాదాపు అందరూ అలాగే అంటారు). అతను 2 కోట్లు పెడతాడు. మొత్తం కంపెనీ విలువ 7 కోట్లు.

సీసీపీఎస్ అయితే షేరు ధర 40కి పడుతుంది, ఫౌండర్ల వాటా 57.1 శాతం దగ్గర నిలుస్తుంది. ఐసేఫ్ అయితే 1.2 కోట్లు డిస్కౌంట్ వల్ల 1.5 కోట్ల విలువైన షేర్లవుతాయి. 5 కోట్లలో మిగిలిన 3.5 కోట్లే ఫౌండర్లవి కాబట్టి కొత్త ధర 35 రూపాయలు, ఫౌండర్లకు 50 శాతం. నోటు అయితే 1.2 కోట్లు వడ్డీతో 1.44 కోట్లయి, డిస్కౌంట్‌తో 1.8 కోట్ల విలువైన షేర్లవుతాయి. కొత్త ధర 32, ఫౌండర్లకు 45.7 శాతం. సగం పైచిలుకు చేయి దాటిపోయింది. అంతగా మురిపించిన 6 కోట్ల క్యాప్ ఈ లెక్కలో ఎక్కడా పనికిరాలేదు. క్యాప్ అనేది ఇన్వెస్టర్‌కు రక్షణ, ధర పడినప్పుడు ఫౌండర్‌ను కాపాడేది కాదు.

కాలం కలిసొచ్చిందనుకుందాం. తర్వాతి ప్రీ-మనీ 15 కోట్లు, కొత్తగా వచ్చేది అదే 2 కోట్లు. సీసీపీఎస్ దారిలో ఫౌండర్లకు 70.6 శాతం. నోటు దారిలో వడ్డీతో కలిపి 1.44 కోట్లకు, క్యాప్ ధర 60 రూపాయల (6 కోట్లు, 10 లక్షల షేర్లు) చొప్పున 2.4 లక్షల షేర్లు పోయి 71.2 శాతం. మంచి రోజులొస్తే ఫౌండర్‌కు నోటు ఇచ్చేది అర శాతం పైచిలుకు, చెడ్డ రోజులు కొనసాగితే తీసుకునేది పదకొండు శాతం. మాంద్యం మధ్యలో నిలబడి ఈ పందెం కాయడంలో తెలివేమీ లేదు.

సీసీపీఎస్‌లో యాంటీ-డైల్యూషన్ (తర్వాత ధర పడితే పాత ఇన్వెస్టర్‌కు అదనపు షేర్లిచ్చే షరతు) ఉంటుంది కదా అని అడగవచ్చు. పాత, కొత్త ధరల సగటుకు మాత్రమే దించే విస్తృత సగటు పద్ధతి రాసుకుంటే పై చెడ్డ లెక్కలో ఇంకో అర శాతం చుట్టూ పోతుంది. పాత ధరను పూర్తిగా కొత్త ధరకే దించే ఫుల్ రాచెట్ రాసినా ఫౌండర్లకు 54.3 శాతం మిగులుతుంది, ఐసేఫ్ కంటే అదీ మెరుగే. అయినా రాచెట్‌కు ఒప్పుకోకూడదు. ఒక్క షేరు తక్కువ ధరకు అమ్మినా అది తిరగబడుతుంది. రెండు రౌండ్ల మధ్య గడవడానికి చిన్న మొత్తంలో తెచ్చిన బ్రిడ్జ్ డబ్బు కూడా పాత రౌండ్ ధరనంతా కిందికి లాగేస్తుంది.

25 లక్షల గీత

నోటుకు అసలు అడ్డంకి లెక్కలో కన్నా చట్టంలో ఉంది. కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) గుర్తింపు ఉన్న స్టార్టప్ మాత్రమే నోటు ఇవ్వగలదు. ఒక్కో మనిషి నుంచి ఒకే విడతలో 25 లక్షలు లేదా ఆపైన రావాలి, పదేళ్లలోపు మార్చాలి లేదా తిరిగి కట్టాలి. 25 లక్షలకు తగ్గితే డిపాజిట్ నియమాల నుంచి ఇలాంటి నోటుకున్న మినహాయింపు ఆ డబ్బుకు వర్తించదు, డిపాజిట్ కింద లెక్కకొస్తుంది. మాంద్యంలో ఏంజెల్స్ ఏం చేస్తారు? పాతిక రాసేవారు పదికి దిగుతారు, ఆ పది కూడా రెండు విడతలంటారు. అంటే జనం చిన్న చెక్కులు రాసే రోజుల్లోనే నోటు చేతికి అందదు. “ఇప్పుడు పది, మార్చిలో పదిహేను” అని రాసుకున్న నోటును తర్వాతి రౌండ్ డ్యూ డిలిజెన్స్‌లో (కాగితాల తనిఖీలో) కొత్త ఇన్వెస్టర్ లాయర్ మొదటి రోజే పట్టుకుంటాడు.

ఇంకొకటి, నోటు బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా కూర్చుంటుంది. నెట్‌వర్త్ మైనస్‌లోకి పోతే బ్యాంకు వర్కింగ్ క్యాపిటల్ దగ్గరా, ప్రభుత్వ టెండర్ల దగ్గరా చిక్కే. ప్రభుత్వ శాఖలకు అమ్మే హైదరాబాద్, విజయవాడ కంపెనీలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఒకప్పుడు నోటు వైపు మొగ్గడానికి గట్టి కారణం ఒకటుండేది. 2012లో వచ్చిన ఏంజెల్ ట్యాక్స్ (షేరు సరైన విలువకు మించి అమ్మితే ఆ తేడా మీద పన్ను) భయంతో ధర తేల్చడమే వాయిదా వేసేవారు. 2024 జూలై బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు. సలహాలు మాత్రం ఇంకా పాతవే నడుస్తున్నాయి.

సీసీపీఎస్‌లో ఎక్కడ బెడిసికొడుతుంది

పని ఎక్కువ, గడువులు కఠినం. రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్టు, ప్రత్యేక తీర్మానం, దాన్ని కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలిపే ఎంజీటీ-14 ఫారం, తర్వాత పేరుపేరునా పీఏఎస్-4 ఆఫర్ లెటర్, ఈ వరుస తప్పకూడదు. డబ్బు విడి బ్యాంకు ఖాతాలోకే రావాలి, అదీ షేర్లు తీసుకునే మనిషి ఖాతా నుంచే. బావమరిది ఖాతా నుంచి పంపితే వెనక్కి పంపించి మళ్లీ తెప్పించుకోవాల్సిందే. డబ్బు వచ్చిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేకపోతే ఆపై 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ. కేటాయించాక 15 రోజుల్లో ఆ కేటాయింపు వివరాల ఫారం పీఏఎస్-3 వేయాలి, అది వేసేదాకా ఆ డబ్బు ముట్టకూడదు. ఎక్కువమంది పట్టుబడేది ఇక్కడే: జీతాల తేదీ ముంచుకొస్తుంది, ఖాతాలో డబ్బు కనిపిస్తుంది, వాడేస్తారు. ఐసేఫ్‌కూ ఈ తతంగం తప్పదు, కాగితం పని తగ్గుతుందని దాన్ని ఎంచుకుంటే నిరాశే.

మాంద్యంలో పన్నెండు మంది పది లక్షల చొప్పున ఇస్తామంటే అందరూ ఒకే వారంలో పంపరు. మొదటివాడి డబ్బు పడిన రోజు నుంచే ఆ 60 రోజుల గడియారం మొదలవుతుంది. అందుకే రౌండ్ మొత్తం నిండేదాకా ఆగకుండా, సగం చేరగానే ఒక క్లోజింగ్ (షేర్ల కేటాయింపు), మిగిలింది అదే ధరకు ఇంకో క్లోజింగ్ అని టర్మ్ షీట్‌లోనే (ముందుగా రాసుకునే షరతుల కాగితంలోనే) రాసుకోవాలి. విడతలు తప్పనప్పుడు మొదటి విడత ఒక్కటే తొమ్మిది నెలలు నడిపేలా చూసుకోండి. “సంతృప్తికరమైన ప్రగతి ఉంటే రెండో విడత” అన్న వాక్యానికి అర్థం, రెండో విడత ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టమని. నెలవారీ ఆదాయం ఇంత, చెల్లించే కస్టమర్లు ఇందరు అని అంకెలో రాయించాలి.

ధర కంటే షరతుల మీద పట్టుబట్టడం మేలు. 1.2 కోట్లకు 20 శాతం ఇచ్చిన కంపెనీ చివరికి 3 కోట్లకు అమ్ముడుపోయిందనుకోండి. అమ్మకంలో ముందుగా డబ్బు తీసుకునే ఏంజెల్స్ హక్కు ఒక రెట్టు, నాన్-పార్టిసిపేటింగ్ (పెట్టింది తీసుకుంటే మిగతాలో వాటా లేదు) అయితే ఏంజెల్స్‌కు 1.2, ఫౌండర్లకు 1.8 కోట్లు. పార్టిసిపేటింగ్ (పెట్టింది తీసుకున్నాక మిగతాలోనూ వాటా) అయితే ఏంజెల్స్‌కు 1.56, ఫౌండర్లకు 1.44. ఆ ఒక్క మాట తీయించడానికి ప్రీ-మనీలో ముప్పై లక్షలు వదులుకోవాల్సి వచ్చినా వదులుకోవచ్చు.

నోటు సరిపోయే చోటు

పాత ఇన్వెస్టర్లే మళ్లీ పెడుతున్నారు, తర్వాతి రౌండ్ టర్మ్ షీట్ మీద సంతకమైంది, డబ్బు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది: ఇక్కడ నోటు సరైన పనిముట్టు. వడ్డీ పెరగడానికి వ్యవధి ఉండదు, ధర దాదాపు తెలిసే ఉంటుంది. చెక్కు పాతిక లక్షలు దాటే ఏంజెల్ ఒకరో ఇద్దరో ఉంటే చాలు. అప్పుడు కూడా డిస్కౌంటో క్యాపో ఒక్కటే ఇవ్వండి, రెండూ వద్దు. క్యాప్ ప్రీ-మనీ మీదా పోస్ట్-మనీ (డబ్బు వచ్చాక కంపెనీ విలువ) మీదా అన్నది స్పష్టంగా రాయండి.

డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉన్న మనవాళ్ల నుంచి డబ్బు వచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. అమెరికాలో వాడే సేఫ్ (తర్వాత షేర్లిస్తామన్న ఒప్పందం) కాగితం మీద మన ప్రైవేట్ లిమిటెడ్ సంతకం చేస్తే అది ఇక్కడ అప్పూ కాదు, షేరూ కాదు. సీసీపీఎస్‌గానో ఐసేఫ్‌గానో తీసుకోవాలి. లాభం తిరిగి విదేశానికి పట్టుకెళ్లాలంటే కేటాయించిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం వేయాలి. నోటు అయితే ఫారం సీఎన్, దానికీ అదే 30 రోజులు. తిరిగి పట్టుకెళ్లని పద్ధతిలో పెడితే దేశీయ పెట్టుబడి కిందే లెక్క, ఎఫ్‌సీ-జీపీఆర్ గొడవ లేదు. అయితే అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికి ఆ వెసులుబాటు ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉంటేనే. చెక్కు అడిగే ముందే ఆ కార్డు కాపీ అడిగి, ఏ పద్ధతిలో పెడుతున్నారో మెయిల్‌లో రాయించుకోండి. డబ్బు వచ్చాక బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న అదే.