ఊగే బ్రాకెట్ల ఓహెచ్‌ఈ కిట్: ఎండలూ వానలూ చూశాక

మోడల్ రైలు పట్టాల మీద వేలాడే కరెంటు తీగల్ని, అంటే ఓహెచ్‌ఈని, కట్టుకునే ఈ కిట్ గురించి ఇంత పొడుగు రాయడానికి కారణం అందులోని ఓ చిన్న ఇత్తడి పిన్ను. అర మి.మీ. మందం. కింద పడితే మళ్లీ కనపడదు, అందుకే కాబోలు అదనంగా కొన్ని ఇస్తారు. స్తంభానికీ, దాని నుంచి చెయ్యిలా చాచి తీగని పట్టుకునే బ్రాకెట్‌కీ మధ్య కూర్చునే ఈ పిన్ను మీద బ్రాకెట్ మొత్తం, అంటే స్టే ట్యూబు, బ్రాకెట్ ట్యూబు, రిజిస్టర్ ఆర్మ్, స్టెడీ ఆర్మ్ అన్నీ కలిసి, అటూ ఇటూ తిరుగుతాయి. ఇంతకుముందు నా చేతికొచ్చిన హెచ్‌ఓ (అసలుకి 87వ వంతు సైజు) స్తంభాల్లో బ్రాకెట్ బిగదీసి అతికించే ఉండేది. జర్మనీ కంపెనీ సొమ్మర్‌ఫెల్ట్ వాళ్ల సరుకు బాగుంటుందని అందరూ అంటారు, నేనూ అంటాను. కాకపోతే అవి జర్మనీ, స్విట్జర్లాండ్ లైన్లకి చేసిన స్తంభాలు. వాటి కింద నుంచి లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 ఇంజను వెళ్తుంటే కంటికి ఆనదు.

షీట్లెన్ని, స్తంభాలెన్ని, ధరెంత లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి. వాటి జోలికి పోను.

బ్రాకెట్ ఎందుకు ఊగాలంటే, అసలు లైన్లో జరిగేది అదే కాబట్టి. విజయవాడ స్టేషన్‌కి అటూ ఇటూ ఎక్కడైనా తీగ ఆఖరయ్యే స్తంభానికి వేలాడే బరువుల దొంతరని చలికాలం పొద్దున్నే ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఒకసారి చూడండి. పొద్దున పైనెక్కడో ఉంటుంది, ఎండాకాలంలో కిందికి దిగిపోయి ఉంటుంది. 750 మీటర్ల రాగి తీగ 40 డిగ్రీల తేడాకి సుమారు అర మీటరు సాగుతుంది మరి. ఇంజను ఆనుకునే కాంటాక్ట్ వైరులో 1,000 కిలోలు, దాన్ని మోసే పై తీగ కేటనరీలో ఇంకో 1,000 కిలోలు లాగుడు ఎండైనా వానైనా ఒకేలా ఉండాలంటే, సాగినకొద్దీ బరువు కిందికి దిగాలి, తీగతోపాటు బ్రాకెట్లూ పక్కకి తిరగాలి. మూడింతల కప్పీ ఉన్నచోట 665 కిలోల దొంతర ఆ రెండు తీగల్నీ కలిపి పట్టుకుంటుంది.

ఇక నా సంగతి. నా లేఅవుట్ మేడమీద రేకుల గదిలో ఉంది. మేలో మధ్యాహ్నం రెండింటికి అక్కడ మనిషి నిలబడలేడు, ఆగస్టులో కృష్ణ మీంచి వచ్చే చెమ్మకి ప్లైవుడ్ బల్ల ఉబ్బుతుంది. బిగించిన బ్రాకెట్లున్న రోజుల్లో ఎండాకాలం తీగ వేలాడేది, చలికాలం స్తంభాల్ని పట్టి లాగేది. ఏటా మార్చిలో టంకాలు ఊడదీసి తీగ బిగించుకోవడం ఒక వ్రతం అయిపోయింది. 6 మీటర్ల తీగకి ఎండవల్ల వచ్చే తేడా 2, 3 మి.మీ. మించదు, అసలు గొడవ చెక్కతోనే. చెక్క ఒకవైపు, తీగ ఒకవైపు లాగుతుంటే మధ్యలో నలిగేది స్తంభాలే.

ఈ కిట్‌తో మొదటి వేసవి గడిచిన తీరు చూసి నిజంగా మురిసిపోయాను. మధ్యాహ్నం పైకెక్కి చూస్తే తీగ ఎక్కడా వేలాడలేదు. బల్ల కింద కప్పీకి కట్టిన సీసం బరువు కాస్త దిగింది, చివరి స్తంభాల బ్రాకెట్లు వెంట్రుకవాసి పక్కకి తిరిగాయి, అంతే. స్తంభం దగ్గర పైకి కనిపించే ఇత్తడి బరువుల దొంతర అలంకారానికే. లాగేది కింద ఉన్నదే. పట్టాలు తుడిచేటప్పుడు చొక్కా చెయ్యి తీగకి తగిలినా అది పక్కకి జరిగి మళ్లీ తన చోటికి వచ్చి నిలబడేది. ఇంతకుముందైతే అలా తగిలిన ప్రతిసారీ ఓ డ్రాపర్ (కేటనరీనీ కాంటాక్ట్ వైరునీ కలిపే నిలువు ముక్క) ఊడేది. అప్పట్లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను, ఇంక వేరే స్తంభాలు కొనక్కర్లేదని.

తీగ విషయంలో కూడా వాళ్లకి మెచ్చుకోలు చెల్లుతుంది. మామూలుగా మార్కెట్లో దొరికే అర మి.మీ. తీగని 87తో గుణిస్తే 43 మి.మీ. కడ్డీ అవుతుంది. అసలు కాంటాక్ట్ వైరు 107 చదరపు మి.మీ., అంటే అడ్డంగా 12 మి.మీ. చిల్లర. ఈ కిట్‌లో ఇచ్చే 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ కూడా లెక్కకి రెండింతలు లావే, కానీ రెండడుగుల దూరం నుంచి చూస్తే తీగలాగే ఉంటుంది. దానికి తగ్గట్టు పాంటో (ఇంజను నెత్తిన తీగని ఆనుకునే చట్రం) స్ప్రింగు మాత్రం బలహీనం చేసుకోవాలి. మోడల్ ఇంజన్ల పాంటోలు తీగని అమాంతం పైకి ఎత్తేస్తాయి. నాకు కరెంటు పట్టాల్లోంచే వస్తుంది, పాంటో తీగని ఆనుకుంటే చాలు, గట్టిగా నొక్కక్కర్లేదు.

బ్రాకెట్ అతికేటప్పుడు ఓపిక కావలసింది స్టెడీ ఆర్మ్ దగ్గర. అసలు లైన్లో తిన్నని దారిలో తీగ ట్రాక్ మధ్యగీతకి ఒక స్తంభం దగ్గర ఇటు 200 మి.మీ., తర్వాతి స్తంభం దగ్గర అటు 200 మి.మీ. జరిగి ఉంటుంది, పాంటో పట్టీ ఒకేచోట అరిగిపోకుండా. మన కొలతలో అది 2.3 మి.మీ. స్టెడీ ఆర్మ్ కొసన తీగని పట్టుకునే క్లిప్పు గోరులో సగం కూడా ఉండదు. సోల్డరింగ్ ఐరన్ మొన ముందు తీగకి తగలాలి, క్లిప్పుకి కాదు. క్లిప్పు ముందు వేడెక్కితే దాని వెనక రిజిస్టర్ ఆర్మ్ అతుకు కరిగి అదీ ఊడొస్తుంది. కిట్‌లో ఇచ్చిన జిగ్‌లో (ముక్కల్ని కదలకుండా పట్టే అచ్చులో) పెట్టి, ఫ్లక్స్ చుక్క వేసి, తీగ మీద మొన ఆనించి తీసేస్తే టంకం తనంతట తనే క్లిప్పులోకి పారుతుంది. అది చేతికి అలవాటయ్యాక హాయిగానే ఉంటుంది.

ఇప్పుడు ఆగస్టు సంగతి. నాది డబుల్ లైను. కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర గుంటూరు లైను విడిపోయేచోటుని తల్చుకుని కట్టుకున్నది. ఒక పక్క తిన్నగా, ఇంకో పక్క వంపు. చోటు చాలక వంపులో డౌన్ లైను స్తంభాలు లోపలి వైపు వచ్చాయి. ముసురు పట్టిన ఓ ఆదివారం మా మేనల్లుడు కంట్రోలర్ పట్టుకున్నాడు. డబ్ల్యూఏపీ-4 వెనక పెట్టెలు తగిలించి వంపులోకి వదిలాడు. ‘మావయ్యా, ఏదో ఎగిరింది’ అన్నాడు. నేను తల తిప్పేసరికి పాంటో తీగ కింద నుంచి జారి, ఒక్కసారి పైకి లేచి, కాంటాక్ట్ వైరుకీ కేటనరీకీ మధ్యలో దూరింది. చీరకొంగు ముల్లుకంపకి తగులుకున్నట్టు మొదటి డ్రాపర్‌కి పట్టుకుంది. బండి ఆగలేదు. ఇక్కడే బరువుల మహిమ తెలిసింది. బిగించిన తీగైతే ఆ రెండు స్తంభాల మధ్యే తెగి ఊరుకునేది. ఇది తెగలేదు, లాగేకొద్దీ వచ్చింది. బల్ల కింద సీసం బరువు కప్పీ దాకా లేచి టక్కుమని కొట్టుకుంది. అప్పటికి వరసగా ఉన్న బ్రాకెట్లన్నీ రైలు పోయే వైపుకి వాలిపోయాయి. ఆ తర్వాత స్టెడీ ఆర్మ్‌ల టంకాలు ఒక్కొక్కటీ చిటచిట ఊడాయి. డ్రాపర్లు పట్టాల మీద పడి ఉన్నాయి, పాంటో మోచెయ్యి వంగింది. మేనల్లుడు మొహం చిన్నబుచ్చుకుంటే వాడిది తప్పేం లేదని చెప్పి కిందికి పంపాను. మళ్లీ నిలబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కారణం నాకు వెంటనే అందలేదు. మా వీధిలో ఒకాయన రైల్వే టీఆర్‌డీలో, అంటే ఈ కరెంటు తీగలు చూసే విభాగంలో, లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. బాబాయి అని పిలుస్తాను. పైకి తీసుకొచ్చి చూపించాను. ఆయన విరిగినచోటు వైపు చూడనేలేదు. నేరుగా రెండు చివర్లకీ వెళ్లి వంగి చూశారు.

‘ఏరా, రెండు వైపులా బరువులు కట్టావు, మధ్యలో పట్టేదేదిరా?’

‘కాగితంలో అలాగే ఉంది బాబాయ్.’

‘కాగితం రాసినవాడు లైనెక్కి ఉండడు. రెండు చివర్లా బరువులుంటే మధ్యలో ఓ స్తంభం దగ్గర తీగని కదలకుండా కట్టాలి. యాంటీ క్రీప్ అంటారు. అది లేకపోతే పాంటోలు రుద్దీ రుద్దీ తీగ బండి పోయే వైపుకే జరుగుద్ది. అయినా నీ ముక్క ఎంతని? 750 మీటర్ల లోపైతే మేం ఒక చివర కట్టేసి రెండో చివరే బరువు పెట్టేవాళ్లం.’

నా 6 మీటర్లు 87తో గుణిస్తే 522 మీటర్లు. అంటే రెండో బరువు నాకు అసలు అక్కర్లేదు. అయినా డబ్బాలో ఒక్కో లైనుకి రెండేసి సెట్లు ఇచ్చారు, బొమ్మలో రెండు చివర్లా పెట్టమని గీశారు, మధ్యలో కట్టే ముక్క మాత్రం షీట్లో ఎక్కడా లేదు. నా కోపం ఇక్కడే. అసలు లైనుని చూసి బ్రాకెట్‌కి పిన్ను పెట్టాలన్న ఆలోచన వచ్చినవాళ్లకి, ఆ పిన్ను ఉంటే ఇంకేం ఉండాలో అదే లైన్లో పది స్తంభాలు ముందుకి నడిస్తే కనపడేది. బాబాయి చెప్పాక అప్ లైను చూస్తే అందులో బ్రాకెట్లు ఎదురు దిక్కుకి వాలి ఉన్నాయి. అటువైపు బళ్లు అటే పోతాయి కదా.

వంపులో లోపలి స్తంభాలది ఇంకో తిరకాసు. స్తంభం వంపుకి బయట ఉంటే తీగ బ్రాకెట్‌ని స్తంభం నుంచి అవతలికి లాగుతుంది, అది తిన్నగా నిలుస్తుంది. లోపల ఉంటే తీగ బ్రాకెట్‌ని స్తంభం మీదకి నెడుతుంది. పిన్ను మీద తిరిగే బ్రాకెట్ కాస్త వాలిందంటే ఇంక వాలుతూనే పోతుంది. అది ట్రాక్ వెంబడి 12 మి.మీ. జరిగేసరికి కొస 2 మి.మీ. స్తంభం వైపుకి వచ్చేస్తుంది. తిన్నని దారిలో 2 మి.మీ.కి పాంటో ఏమీ అనుకోదు. వంపులో తీగ ఎలాగూ నడిమధ్యన ఉండదు కాబట్టి ఆ 2 మి.మీ.తోనే కొంప మునిగింది.

కంపెనీకి మెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబిచ్చారు. చాలామంది పిన్ను దగ్గర జిగురు వేసి బ్రాకెట్ బిగించేసుకుంటారు, అందుకే ఈ ఫిర్యాదు ఎక్కువగా రాలేదు అన్నారు. అది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడున్న ఏర్పాటు ఇది. వంపు ఉన్న చివర తీగని గట్టిగా కట్టేశాను. కట్టినచోటికి దగ్గర్లో బ్రాకెట్లు దాదాపు కదలవు కాబట్టి లోపలి స్తంభాల బాధ పోయింది. ఊగేదంతా తిన్నని భాగంలోనే, బరువు ఆ చివరే. బరువు పైకి లేచే దారిలో బల్ల కింద ఓ మేకు అడ్డం పెట్టాను. ఈసారి పాంటో పట్టుకున్నా బరువు కొంచెమే లేచి ఆగుతుంది, తెగితే అక్కడికక్కడే తెగుతుంది. ఇలా మార్చాక ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి, మళ్లీ ఊడలేదు.

ఇన్సులేటర్ల గురించి మొదట్లో ఆ ఫోన్లలో నేను గొప్పగా చెప్పిన మాట కూడా కొంచెం వెనక్కి తీసుకుంటాను. గోధుమరంగు పింగాణీలా, పళ్లెం మీద పళ్లెంలా చక్కగా పోతపోసిన రెసిన్ ముక్కలవి. రేకుల గది వేడికి పెళుసెక్కాయి. ఆ ఆదివారం విరిగినవాటిలో సగం అవే. వాటి చోట బీసెంట్ రోడ్డులో కొన్న గోధుమరంగు గాజుపూసలు గుచ్చాను. దగ్గరికొచ్చి చూస్తే పూసలే, బండి పోతుంటే ఎవరూ చూడరు. ఫ్యాను తిరిగే గదిలో రెసిన్‌వి నిలుస్తాయేమో, నా గదిని బట్టి తీర్పు చెప్పలేను.

ఎవరైనా కొనమంటావా అని అడిగితే ముందు వాళ్ల గది, వాళ్ల ట్రాక్ అడుగుతాను. ఏసీ గదిలో చిన్న లేఅవుట్ అయితే బిగించిన స్తంభాలే చాలు, ఈ పిన్నుకి పెట్టే డబ్బు దండగ. గుండ్రటి ట్రాక్, అన్నీ వంపులే అయితే వద్దనే చెప్తాను. ప్రదర్శనలకి విడగొట్టి మోసుకెళ్లే బల్లలైతే ప్రతి జాయింటు దగ్గరా తీగ కట్టాలి, అప్పుడు ఊగడానికి మిగిలేదేముంది? నాలా వేడి గది, పొడుగాటి తిన్నని లైను, వీధిలో టీఆర్‌డీ బాబాయి ఉంటే తీసుకోవచ్చు. ఇంకో డబ్బా తెప్పించాలనే అనుకుంటున్నాను. రెండో బరువుల సెట్టు వద్దంటే ధర తగ్గిస్తారా అని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.