విరుగుడు బట్ట అని కొన్నాను, వీపంతా మందు తడి

అన్నలూ, తమ్ముళ్లూ, మిర్చికి మందు కొట్టేటప్పుడు వేసుకునే సూట్ ఆన్‌లైన్లో కొనబోతుంటే కాస్త ఆగండి.

బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థ వాళ్ల కిసాన్ కవచ్ సూట్ గురించి వినే ఉంటారు. 2024 డిసెంబరు 17న ఢిల్లీలో విడుదల చేశారు. ధర 4,000 రూపాయలు, 150 ఉతుకుల దాకా పనిచేస్తుందన్నారు. ఆ బట్టకే ఆక్సైమ్ అనే రసాయనం పట్టించారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తగిలితే అక్కడికక్కడే విరిచేస్తుంది. నేను కొన్నది అది కాదు. ‘అదే టెక్నాలజీ, 1,150కే’ అని ఎవడో పెడితే ఆశపడి రెండు తెప్పించాను. తప్పు సగం నాదే.

చెంబుతో నీళ్లు పోసి చూశా. తామరాకు మీద బొట్టులా జారిపోయాయి. సంబరపడి మర్నాడే వేసుకుని ప్రొఫెనోఫాస్ కొట్టాను, అదీ ఆర్గానోఫాస్ఫేట్ మందే. మూడో ట్యాంకుకే వీపు చల్లగా తగిలింది. చెమటేమో అనుకున్నా, ఆ సూట్లో చెమటకు కొదవ లేదు మరి. ఇంటికొచ్చి విప్పితే బనియనంతా మందు కంపు. సాయంత్రానికి తలనొప్పి, వాంతులు, చూపు మసక. ఆ రాత్రి ఆసుపత్రిలోనే.

అసలు కిటుకు తర్వాత మా బావమరిది చెప్పాడు. ఉత్త నీళ్లు జారితే లెక్క కాదట. మందులో దాన్ని కరిగించే సాల్వెంటు ఉంటుంది, నీళ్లలో కలవడానికి సబ్బులాంటి పదార్థమూ ఉంటుంది, పైగా ఆకుకు పట్టుకోవడానికి మనం జిగురు కలుపుతాం. అవి ఉంటే నీళ్లు జారకుండా బట్టలోకి దిగుతాయి. రెండో సూట్ కింద టిష్యూ కాగితం పెట్టి సర్ఫు నీళ్లు పోశాం, కాసేపటికే కాగితం తడిసింది. ఈ పరీక్ష మందుతో మాత్రం చేయొద్దు. చూడబోతే అది పెళ్లిళ్లలో తాంబూలం పెట్టిచ్చే సంచి గుడ్డే! కుట్ల సందుల్లోంచి మందు దిగకుండా వేసే టేపూ లేదు. స్టిక్కర్ పీకితే కింద అడ్డగీత కొట్టిన 2 అంకె, అంటే ఒక్కసారి వాడి పారేసేది. కరోనా నాటి మిగులు సరుకై ఉంటుంది.

పురుగుమందు కొట్టేవాళ్ల బట్టలకు ఐఎస్ఓ 27065 అని ప్రమాణం ఉంది. అందులో సీ1, సీ2, సీ3 స్థాయిలు. పైకెళ్లేకొద్దీ రక్షణ ఎక్కువ. మీ సూట్ ఏ స్థాయిదో అడిగి, టెస్ట్ రిపోర్టు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. నేను డబ్బు కట్టాక అడిగితే అమ్మినవాడు ఆసుపత్రి గౌను సర్టిఫికెట్ ఫొటో పంపాడు! వాడిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఆ సూట్‌ను ఉతకలేదు, సాక్ష్యం కదా. సంచిలో మూటకట్టి పిల్లలకు అందకుండా కొట్టం అటక మీద పెట్టాను.