ఫ్రీహ్యాండ్ ఎంఎక్స్: మా షాపులో ఇంకా రిటైర్ కాలేదు

పెళ్లి కార్డుల పని కోసం మా షాపులో ఓ పాత డెస్క్‌టాప్‌ని నెట్ కూడా పెట్టకుండా అట్టేపెట్టాను. అందులో ఉన్నది 2003 నాటి ఫ్రీహ్యాండ్ ఎంఎక్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్. కార్డు, లోపలి కాగితం, కవరు మూడూ మూడు సైజులు. అయినా ఒకే ఫైల్లో పక్కపక్కనే పెట్టుకోవచ్చు. ముహూర్తం మారిందని రాత్రి పదింటికి ఫోన్ వచ్చినా, అన్నీ ఒక్క చూపులో సరిచూసుకుంటాను. దీనికి పోటీ అయిన అడోబీ కంపెనీ ఇల్లస్ట్రేటర్‌కి ఈ వసతి 2008లో, సీఎస్4 వెర్షన్‌తో గానీ రాలేదు.

దీని జాతకమే విచిత్రం. అప్పట్లో ఫ్రీహ్యాండ్‌ని అమ్మే ఆల్డస్ కంపెనీని 1994లో అడోబీ కొన్నప్పుడు, పోటీ దెబ్బతింటుందని అమెరికాలో వ్యాపార పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ అడ్డుపడింది. దాంతో ఫ్రీహ్యాండ్, దాన్ని మొదట తయారుచేసిన ఆల్ట్‌సిస్ కంపెనీకే తిరిగి వెళ్లింది. ఆల్ట్‌సిస్‌ని మాక్రోమీడియా అనే ఇంకో కంపెనీ కొంది. 2005లో ఆ మాక్రోమీడియానే అడోబీ కొనేసింది! 2007లో ఇక కొత్త వెర్షన్లు ఉండవన్నారు.

లోపాలు లేకపోలేదు. యూనికోడ్ తెలుగు (ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడేది) పడదు, పాత పద్ధతి అను ఫాంట్లే దిక్కు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి దీన్ని చెప్పను. నాకైతే ఐదుకి నాలుగు మార్కులు. ఆ హార్డ్‌డిస్క్ గరగరమన్నప్పుడల్లా మాత్రం టెన్షన్.