పేగు జిగురు పొర చూడాలంటే: ఫార్మాలినా, మెథాకార్నా?

మ్యూరైన్ ఆస్ట్రోవైరస్ (ఎలుకలకు సోకే ఒక వైరస్) చిట్టెలుక చిన్నపేగులో జిగురు (మ్యూకస్) వదిలే గాబ్లెట్ కణాలకు ముఖ్యంగా సోకి, ఆ స్రావాన్ని మార్చేస్తుంది. ఆ మార్పు స్లైడు మీద కనబడాలంటే పేగు ముక్కను పాడవకుండా నిలిపే ఏ ద్రవంలో (ఫార్మాలినా, మెథాకార్నా) వేశారన్నదే ముఖ్యం.

జిగురు: ఫార్మాలిన్‌లో ఎక్కువ భాగం నీళ్లే. పొర కుంగి, కొట్టుకుపోతుంది; కణాల లోపలిది మాత్రం మిగులుతుంది. మెథాకార్న్‌లో (మెథనాల్ 60%, క్లోరోఫాం 30%, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 10%) నీరుండదు, పొర నిలుస్తుంది. అయితే పేగును సెలైన్‌తో కడిగారా, ఏ ద్రవం వాడినా దండగే. లోపలి పదార్థంతో సహా వేయండి. తర్వాత కూడా నీళ్లు తగలనీయక మెథనాల్, ఇథనాల్, జైలీన్ మీదుగా మైనంలోకి.

ఖర్చు: ఫార్మాలిన్ చవక, సిద్ధంగా దొరుకుతుంది. మెథాకార్న్ ఎప్పటికప్పుడు కలుపుకోవాలి.

ప్రమాదం: రెండూ ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగే గూడు) వాడాలి. క్లోరోఫాం పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది కాబట్టి గాజు సీసా వాడాలి. వ్యర్థాన్ని విడిగా పంపాలి.

గాబ్లెట్ కణాల లెక్క, విల్లైల (పేగు లోపలి వేళ్లలాంటి మడతలు) దెబ్బ చూడ్డానికి ఫార్మాలిన్ చాలు. పొర మందం, బ్యాక్టీరియా ఎంత దగ్గరికొచ్చాయన్నది కావాలంటే మెథాకార్నే. వైరస్‌ను గుర్తించే యాంటీబాడీ ఫార్మాలిన్ ముక్కల మీదే పరీక్షించినదైతే పక్కపక్క ముక్కలను రెండింట్లోనూ వేయండి.