లంక ఊళ్లలో నాలుగేళ్లు వాడిన గ్లూకోమీటర్: మిషన్ నమ్మకమైనదే, స్ట్రిప్పుతోనే జాగ్రత్త

కోనసీమ లంక ఊళ్లలో నాలుగేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్న గ్లూకోమీటర్ గురించి ఈ సమీక్ష. కోడ్ నంబరు కొట్టే పని లేని మామూలు రకం. అర మైక్రోలీటరు రక్తం చాలు, 5 సెకన్లలో అంకె చూపిస్తుంది, సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీతో నడుస్తుంది. పంటు మీద, సైకిలు బుట్టలో, తడి సంచిలో తిరిగినా మిషన్ ఏనాడూ మొరాయించలేదు. తప్పు అంకె వచ్చినప్పుడల్లా వెతికితే కారణం స్ట్రిప్పులోనో వేలిలోనో దొరికింది. నర్సింగ్ విద్యార్థులను పరీక్షల్లో అడిగేది కూడా ఈ భాగమే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు స్ట్రిప్పుల సీసా. స్ట్రిప్పు కొసన ఎంజైము పూత ఉంటుంది. గాలిలో తేమ తగిలితే అది పాడవుతుంది. అందుకే సీసాలోనే తేమ పీల్చే పదార్థం పెడతారు. మన డెల్టాలో వానాకాలం ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుందో అందరికీ తెలుసు, స్ట్రిప్పుల సీసా కూడా అంతే. క్లినిక్ రోజున నలభై మందికి వరసగా చూస్తూ మూత తీసే ఉంచితే సాయంత్రానికి ఎర్రర్లు మొదలవుతాయి. ఎర్రర్ వస్తే మేలే, కనీసం తెలుస్తుంది. పాడైన స్ట్రిప్పు ఒక్కోసారి చూడ్డానికి మామూలుగా ఉండే తప్పు అంకె ఇస్తుంది, అదే ప్రమాదం. ఒక స్ట్రిప్పు తీయడం, వెంటనే మూత బిగించడం, ఆ తర్వాతే సూది. తడి చేత్తో స్ట్రిప్పు పట్టుకోకూడదు. సీసా తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాయాలి. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో లేబుల్ మీద ఉంటుంది, బయటి ఎక్స్‌పైరీ తేదీ వేరు. చాలా సీసాల మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని ఉంటుంది. అలాగని మే నెలలో ఇన్సులిన్‌తో పాటు ఫ్రిజ్‌లో పెట్టేస్తారు కొందరు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఎండకంటే అదే ఎక్కువ చెడుపు. నీడన, గాలాడే గదిలో ఉంచితే చాలు.

కొత్త సీసా తెరిచినప్పుడు, మిషన్ కింద పడినప్పుడు, అంకె మీద అనుమానం వచ్చినప్పుడు కంట్రోల్ సొల్యూషన్ (ఎంత గ్లూకోజు ఉందో ముందే తెలిసిన ద్రవం) చుక్కతో సరిచూడాలి. స్ట్రిప్పుల సీసా మీద రాసిన హద్దుల మధ్య రాకపోతే ఆ సీసా పక్కన పెట్టేయాలి. ఈ ఒక్క పని చేసేవాళ్లు చాలా తక్కువ.

ఇక వేలు. పూతరేకు తిన్న చెయ్యి, మామిడిపండు పిండిన చెయ్యి స్పిరిట్ దూదితో తుడిస్తే తీపి పూర్తిగా పోదు. చర్మం మీద మిగిలిన చక్కెర చుక్కలో కలిసి, 110 ఉన్న మనిషికి 250 చూపించగలదు. సబ్బు, నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టాలి. నీళ్లు దొరకని చోట స్పిరిట్ వాడితే అది పూర్తిగా ఆరేదాకా ఆగి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి. పొడవాల్సింది మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేళ్ల కొసన పక్క భాగంలో. మధ్యలో నరాల కొసలు ఎక్కువ, నొప్పి ఎక్కువ. పీచు పని, కొబ్బరి ఒలుపు పని చేసేవాళ్ల వేళ్లు గట్టిగా ఉంటాయి, సూది పెన్ను మీద లోతు అంకె 4 లేదా 5 పెట్టాలి. రక్తం రాకపోతే చెయ్యి కిందికి వేలాడదీయించి, గోరువెచ్చని నీళ్లలో ముంచమనాలి. వేలి కొసను గట్టిగా పిండితే కణాల మధ్య ద్రవం కలిసి అంకె తగ్గుతుంది. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) సెలైన్ ఎక్కుతున్న చేతికి మాత్రం ఎప్పుడూ పొడవకూడదు.

"మీ మిషన్ తప్పు, ల్యాబ్‌లో వేరేగా వచ్చింది" అనే మాట తరచూ వినాల్సి వస్తుంది. గ్లూకోమీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15197 ప్రకారం ఫలితం 100 లేదా ఆ పైన అయితే 15 శాతం, 100 లోపు అయితే 15 మిల్లీగ్రాముల తేడాను ఒప్పుకుంటారు. అంటే అసలు విలువ 200 అయితే 170 వచ్చినా 230 వచ్చినా మిషన్ బాగున్నట్టే. భోజనం చేశాక వేలి రక్తంలో గ్లూకోజు సిర రక్తంలో కంటే ఎక్కువే ఉంటుంది. మన దగ్గర మూడో కారణం కూడా ఉంది. లంకలో పొద్దున తీసిన రక్తం రేవు దాటి పట్నం ల్యాబ్‌కు చేరేసరికి గంటలు పడుతుంది. మామూలు ట్యూబులో రక్తకణాలు గంటకు 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజును తినేస్తాయి. బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు వాడేది అందుకే. అది వాడకుండా పంపి, తగ్గిన ల్యాబ్ అంకె చూపి మిషన్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు.

మిషన్‌ను నమ్మకూడని రోగులు కూడా ఉన్నారు. రక్తహీనత ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, సుమారుగా వస్తుంది. హిమోగ్లోబిన్ 7 గ్రాములున్న గర్భిణికి అది 21, చాలా మిషన్లు సరిగా పనిచేసే కింది హద్దు దగ్గరే. అప్పుడే పుట్టిన బిడ్డకు హెమటోక్రిట్ ఎక్కువ, అందుకే అంకె తక్కువ చూపిస్తుంది. మడమ వెనక వంపులో కాక అరికాలి వైపు, మడమ పక్క అంచున పొడవాలి. రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న రోగి చల్లబడిన చేతి చుక్క దేనికీ పనికిరాదు, సిర రక్తమే తీయాలి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము స్ట్రిప్పులైతే ఆక్సిజన్ ఎక్కువ పెట్టిన రోగికి అంకె తగ్గుతుంది. ఐకోడెక్స్‌ట్రిన్ అనే ద్రవంతో పొట్ట డయాలసిస్ చేయించుకునేవారికి జీడీహెచ్ పీక్యూక్యూ అనే ఎంజైము రకం స్ట్రిప్పు లేని చక్కెరను చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం పోవచ్చు. స్ట్రిప్పు ఏ ఎంజైముదో పెట్టె మీద చదివే అలవాటు చేసుకోవాలి. తెర మీద అంకెకు బదులు "హెచ్‌ఐ" (HI) అని వస్తే చాలా మిషన్లలో 600 పైన అని అర్థం.

ఈ మిషన్ బాగా అక్కరకొచ్చింది గర్భిణుల షుగర్ పరీక్షలో. పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగించి, 2 గంటలకు చూడాలి. 140 లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహం. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయాలి, అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, మామూలుగా ఉంటే 24 నుంచి 28 వారాల మధ్య రెండోసారి. దీనికి ప్లాస్మా విలువకు సరిచేసిన మిషనే కావాలి. ఆ సంగతి మిషన్‌తో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది.

70 లోపు వస్తే మెలకువగా ఉన్నవారికి 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఆకార్బోజ్ (పిండిపదార్థాల అరుగుదలను నెమ్మదింపజేసే షుగర్ మందు) మాత్ర వేసుకునేవారికి చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు సిరలోకి ఇస్తే 25 గ్రాములు అందుతుంది.

పెట్టెలో వచ్చే సూది పెన్ను ఒక్క మనిషికే. సూది మార్చినా పెన్ను కొసకు అంటిన రక్తంతో హెపటైటిస్ బి వ్యాపిస్తుంది. క్లినిక్‌లో ఒకసారి వాడి పారేసే లాన్సెట్లే వాడి, వాడిన సూదుల కోసం ఉంచే తెల్ల డబ్బాలో వేయాలి. కొనేటప్పుడు మిషన్ ధర కంటే స్ట్రిప్పు ధర చూడండి. రోజుకు ఒకటి రెండు పరీక్షలే ఉంటే 50 స్ట్రిప్పుల సీసా చవకని కొనకండి, 25 స్ట్రిప్పుల సీసాలు రెండు తీసుకోండి. మన గాలికి తెరిచిన సీసా ఎంత త్వరగా ఖాళీ అయితే అంత మంచిది.