అంబాసిడర్ వేడెక్కుతోంది: రేడియేటర్ కోరు మార్చాలా, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలా?

మార్చి దాటితే చాలు, పాత అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకు పోతాంది. కోరు మార్పించాల్నా, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాల్నా?"

కోరంటే రేడియేటర్‌లో ఇంజన్ వేడినీళ్లు పారి చల్లారే సన్నగొట్టాల చట్రం. ముందు నాకొకటి చెప్పండి. ఎప్పుడు వేడెక్కుతోంది? రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడా, హైవే మీద డెబ్బైలో పోతున్నప్పుడా? పరుగులో ఉన్న బండికి ఎదురుగాలే చాలు, ఫ్యాన్‌తో పెద్ద పని లేదు. అప్పుడూ ముల్లు ఎక్కుతోందంటే తక్కువైంది గాలి కాదు. చాలాసార్లు కోరులో గొట్టాలు పూడిపోయి ఉంటాయి. అక్కడ ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగే. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కి, కదలగానే దిగిపోతుంటే అది గాలి లోపం. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు చూసి తేల్చుకోవద్దు. అక్కడ ఇంజన్ మీద బరువు ఎక్కువ, ఎదురుగాలి తక్కువ, రెండు జబ్బులూ ఒకేలా కనబడతాయి.

కర్నూలు, కడప వైపు బండ్లలో నేను ముందు అనుమానించేది కోరునే. సున్నపురాయి నేల మనది, కడప బండ దొరికేదీ అందుకే. ఆ బోరునీళ్లు ఏళ్ల తరబడి పోస్తే, నీళ్లు కాగబెట్టే గిన్నెకు పట్టే తెల్లటి పొరే గొట్టాల్లోనూ కడుతుంది. ఇంజన్ బాగా వేడయ్యాక ఆపి, వేడి కొలిచే గన్‌తో కోరంతా చూడండి. మధ్యలో చల్లటి మచ్చలుంటే అక్కడ నీళ్లు పారట్లేదు. యాసిడ్ పోసి కడుగుదామని ఎవరైనా అంటే వద్దనండి, పాత టంకాలు లీకవుతాయి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ చెడ్డదేం కాదు. ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే కొత్తరకం యంత్రం) ఉన్న బండికి, ఊళ్లోనే తిరిగేవాళ్లకు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్), టెంపరేచర్ స్విచ్ పెట్టి బిగిస్తే బాగానే పనిచేస్తుంది. ఇంకా పాతరకం డైనమోతోనే కరెంటు పుట్టించే బండికైతే నేను ఒప్పుకోను. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో కరెంటు దాదాపు ఇవ్వదు, ఫ్యాన్ కావాల్సింది సరిగ్గా అప్పుడే. ఆ భారమంతా బ్యాటరీ మీద పడుతుంది.

అల్యూమినియం రేడియేటర్ తేలికే, కానీ రాగి, ఇత్తడి రేడియేటర్‌కు టంకం వేసినంత సులువుగా దానికి మన ఊళ్లో రిపేరు జరగదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు థర్మోస్టాట్, దాన్ని పీకేయడం జబ్బును దాచడమే.

ఇవన్నీ తర్వాత. ముందు ఫ్యాన్ బెల్టు బిగువు, రేడియేటర్ మూత, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే సమయం) చూపించండి. మూత స్ప్రింగు వదులైతే లోపల ప్రెషర్ నిలవదు, నీళ్లు తొందరగా మరుగుతాయి. కంపెనీ చెప్పిన ప్రెషర్ మూతే వేయండి, ఎక్కువది వేస్తే పాత హోసులు తట్టుకోవు. ఇంజన్ చల్లారకుండా మూత మాత్రం తీయొద్దు. కోరు మార్పించాక బోరునీళ్లు పోయకండి, నీళ్లు కలిపి వాడే చిక్కటి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి.