పర్లాకిమిడి నేలల్లో పశుగ్రాసాలు: సూపర్ నేపియర్ కొన్నిచోట్లే పనికొస్తుంది

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు పాడి పెట్టేవాళ్ళంతా ముందు అడిగేది సూపర్ నేపియర్ గడ్డి నాటే ముక్కలు ఎక్కడ దొరుకుతాయని. వాన వెలిశాక పొలంలో నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో ముందు చూసుకోవాలి. ఇక్కడ ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది గానీ, చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే. ఆగస్టులో కుళ్ళిన దుబ్బులూ, ఏప్రిల్‌లో ఎండిన దుబ్బులూ ఒకే ఊళ్ళో కనిపిస్తాయి.

బోరు ఉండి, నీరు నిలవని గరప నేలైతే నేపియర్‌కు సాటి లేదు. సాళ్ళ మధ్య 3 అడుగులు, మొక్కల మధ్య 2 అడుగులు పెడితే ఎకరాకు సుమారు 7,300 ముక్కలు పడతాయి. మూడు నెలల వయసున్న కాడ నుంచి రెండు కణుపుల ముక్క కోసి, ఒక కణుపు మట్టిలోకి పోయేలా ఏటవాలుగా గుచ్చాలి. తొలి కోత 70–75 రోజులకు, తర్వాత 40–45 రోజులకోసారి. కోతకోతకూ తడి మీద ఎకరాకు 25–30 కిలోల యూరియా వేయకపోతే మూడో కోతకే ఆకు పసుపెక్కుతుంది. కొడవలి నేలకు ఆనించి కోయడం పెద్ద తప్పు. నాలుగైదు అంగుళాలు వదలాలి, లేకుంటే వానాకాలంలో మోడులోకి నీరు దిగి పిలక రాదు.

సూపర్ నేపియర్ ఎత్తూ బరువూ ఎక్కువే. తర్వాతి కోతల్లో 60 రోజులు దాటితే మాత్రం కాడ చెరకులా బిగుసుకుంటుంది. చాఫ్ కట్టర్ (గడ్డి నరికే యంత్రం) లేని ఇంట్లో గేదెలు ఆకు లాగేసి, కాడలు తొట్టిలోనే వదిలేస్తాయి. కో-4 అనే నేపియర్ రకం కాడ మెత్తన, పిలకలు దండి. కట్టర్ లేనివాళ్ళకు నేను చెప్పేది అదే. ఏ నేపియర్ అయినా లేత గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేస్తాయి. పాలిచ్చే పశువుకు గడ్డితోపాటు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టాలి.

జీడితోటల నీడకు గిని గడ్డి. వేరు పిలకలు నాటితే చాలు. నీరు నిలిస్తే మాత్రం చచ్చిపోతుంది.

వరి మడుల కింద ఊట పల్లాలకు పారా గడ్డి. అయితే గట్టు దాటి పక్కవాడి మడిలోకి పాకుతుంది, తగువులు తెస్తుంది. నత్తలుండే నీళ్ళలోది కోస్తే పశువుకు కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) పట్టుకుంటుంది. నీటి మట్టానికి పైన కోసి, వాడబెట్టి వేయాలి, వానలకు ముందూ వెనకా మందు తాగించాలి.

బోరు లేని ఎర్ర గరువులకు స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత. లూసర్న్ అనే ఇంకో పప్పుజాతి మేత ఈ పులుపు నేలల్లో నిలవదు, విత్తనం ఖర్చు దండగ. స్టైలో గింజ తొక్క గట్టిది, ఊరికే చల్లితే సగం మొలవదు. మూడు చెంబుల మరిగే నీళ్ళకు ఒక చెంబు చన్నీళ్ళు కలిపితే సుమారు 80 డిగ్రీలకు వస్తుంది. అందులో 4 నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, తొలకరికి ఎకరాకు 3–4 కిలోలు చల్లాలి. మొదటి ఏడాది జీవాలను వదలొద్దు. గింజ రాలనిస్తే రెండో ఏడాది నుంచి అదే మొలుస్తుంది.